కొబ్బరిచెట్టు మీదిమాట

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట చీలి, గౌతమి యనియు వసిష్ఠ యనియు వేరువేరు దారులను బట్టి సముద్రమున కలియును. ఆ పాయల నడుమ నున్న త్రికోణపు నేలకే కోనసీమ యని పేరు. 2022 సంవత్సరము ఏప్రిలు 4వ తేదీనుండి ఈ సీమ అమలాపురము ముఖ్యపట్టణముగా గల క్రొత్త జిల్లాలో చేరినది. దీనిని జూచివచ్చినవారు వ్రాసిన వ్రాతలు మన సోదరీమణులు పెక్కింటిని చదివియే యుందురు. కాలువలలో పడవలు, గట్లమీద అరటితోటలు, అంతర్వేది తీర్థము, పూతరేకులకు పోటీవచ్చు పిండివంటలు, ఇవి యన్నియు ఇదివరకే వర్ణింపబడినవి. మేము వానిజోలికి పోము. కోనసీమలో మూడుదినము లుండి మేము చెవులార వినివచ్చిన దొకటి కలదు. చెట్టుమీది మనుష్యునకును, చెట్టుక్రింది మనుష్యునకును నడుమ జరుగు సంభాషణ యది. మాటలు పదికి మించవు. వానిని జాగ్రత్తగా నాడనిచో ప్రాణములు పోవును.

మాఘమాసమున మేమును మా వదినగారును రాజమహేంద్రవరమునుండి బయలుదేరి, జొన్నాడకును రావులపాలెమునకును నడుమనున్న గౌతమి వంతెన దాటి, కొత్తపేట మీదుగా అంబాజీపేటకు పోయితిమి. అంబాజీపేట కొబ్బరి వర్తకమునకు పెట్టినది పేరు. వీధి కిరువైపుల కాయల రాసులు, పీచు గుట్టలు, లారీలు, బేరములు. అచటికి సమీపముననే కాలువగట్టు మీద మా పినతల్లిగారి యిల్లున్నది. ఇంటివెనుక తోట. మేము చేరిన మరునాడే ఆ తోటలో దింపు.

దింపు అనగా కాయలను దింపుట. ఈ మాట కోనసీమలో పసిబిడ్డకు కూడ తెలియును గాని, మెట్టసీమల సోదరీమణుల కొరకు కొంచెము చెప్పెదము. కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకొక గెల వేయును. పూత విచ్చిన నాటినుండి కాయ ముదురుటకు రమారమి 12 నెలలు పట్టును. అందుచేత ఒక్క చెట్టుతలలోనే పూతయు, పిందెయు, లేతబొండమును, ముదురుకాయయు ఏకకాలమున నుండును. ఉమ్మడి కుటుంబములో ముత్తవ్వ మొదలు చంటిబిడ్డ వరకు ఒక్క కప్పుక్రింద నున్నట్లే. నలువదియైదు దినములకో రెండు నెలలకో ఒకసారి దింపువాడు వచ్చి, ముదిరిన గెలనే కోసి, తక్కినవానిని తాకక దిగవలెను. మామిడికాయలవలె ఒక్కసారి దులిపివైచిన తీరు పనికాదు.

ఆనాడు వచ్చినవారు ఇరువురు. నలువది దాటిన దింపువాడును, అతని భార్యయును. కాయలు ఒలుచువారు మధ్యాహ్నమునకు గాని రారట. మంచు ఆరి చెట్టు మొదలు తడి వదలినదాక అతడు ఎక్కలేదు. నడుమున కత్తి దోపుకొని, పాదములకు త్రాటి బంధము తగిలించుకొని, కప్ప దుమికినట్లు రెండుకాళ్లును ఒక్కమారెత్తుచు ఎక్కసాగెను. ఆ తోటలోని చెట్లు పాతవి, పొడవు రకము. అరువది అడుగులకు తక్కువైనది మాకు కనబడలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో ఆ తోటలో సగము చెట్లు నేలవ్రాలినవనియు, మిగిలినవి ఇవియే యనియు మా పినతల్లిగారు చెప్పిరి.

అతని భార్య చెట్టుక్రింద నిలువలేదు. మాకది మొదట వింతగా తోచినది. చెట్టునుండి ఇరువది అడుగుల దూరమున, తన వీపు ఎండవైపు నుండునట్లు నిలిచి, కొంగు బిగించుకొని, మమ్ము అరుగుమీదికి పొమ్మనెను. పిలుపు వినబడు చోటు, చెట్టు తల కనబడు చోటు, కాయ పడని చోటు, ఈ మూడును గలిసిన జాగా వెదకికొని నిలుచుట ఆమె మొదటి పని. ఎండకు ఎదురుగా నిలిచినచో కన్నులు మిరుమిట్లు గొని పైవాడు కనబడడు గదా.

పైనుండి మొదట మాట రాలేదు, చప్పుడు వచ్చినది. దింపువాడు కత్తి వెనుకవైపుతో కాయను మీటుచున్నాడు. ముదురుకాయ పలుకు ఒకతీరు, లేతకాయ పలుకు వేరొకతీరు. క్రిందనుండియే ఆమె ఆ పలుకు విని, “అది కాదు, దాని పక్కది” అన్నట్లు చేయి త్రిప్పెను. అతడు నవ్వినట్లు వినబడినది. అంత యెత్తునుండి నవ్వు వినబడుటయు మాకు క్రొత్తయే.

తరువాత కేక వచ్చినది.

“ఏమే, కిందెవరూ?”

ఆమె వెంటనే పలుకలేదు. ముందు కుడివైపు చూచినది, ఎడమవైపు చూచినది, వెనుకకు తిరిగి పశువుల పాకవైపు చూచినది. ఆపైన మెడ యెత్తి, “లేరు, కొట్టయ్యో!” అని చివరి అక్షరమును సాగదీసి అరచెను. అప్పుడు గాని కత్తి ఆడలేదు. గెల ధబ్బున నేల గ్రుద్దుకొని, కాయలు నలుదెసలకు దొరలినవి. ఒకటి ఆమె పాదములకు రెండు మూరల దూరమున ఆగినది. ఆమె కదలలేదు.

ప్రతి గెలకును ఇదియే తంతు. అడుగుట, చూచుట, పలుకుట, కోయుట. ఒక్కనాడు నూరు కాయలు దింపినను, వేయి కాయలు దింపినను, ఒక్క గెలకైనను ఈ వరుస తప్పరాదు. మా వదినగారికి రెండవ చెట్టుకే విసుగు పుట్టినది. “పొద్దుటినుండి ఎవరును రాని తోటలో ఇన్నిమార్లు అడుగుట యెందులకు? కోయునప్పుడు ఒక్క కేక వేసిన చాలదా?” అనిరి.

చాలదు. దీనికి లెక్క యున్నది. అరువది అడుగుల యెత్తునుండి విడిచిన కాయ నేలకు వచ్చుటకు రమారమి రెండు సెకండ్లు పట్టును. నేలకు చేరు క్షణమున దాని వేగము గంటకు 65 కిలోమీటర్లకు మించును, అనగా రహదారి మీద మోటారుబండి పోవు వేగము. పీచుతో గూడిన కాయ కిలో బరువునకు తక్కువ యుండదు. కేక నేలకు చేరుటకు సెకండులో ఇరువదవ వంతు చాలును గాని, విన్నవాడు ఆ కేక తనకే యని గ్రహించి, ఎటు పోవలెనో తేల్చుకొని, కాలు కదపులోపల ఆ రెండు సెకండ్లును అయిపోవును. అంతకంటె చెడ్డది మరియొకటి కలదు. పైన కేక వినబడగానే మనుష్యుడు మొట్టమొదట చేయు పని తల పైకెత్తుట. కాయ నడినెత్తిన పడవలసినది ముఖమున పడును. కావున కోతతో గూడ వచ్చు కేక హెచ్చరిక కాదు. హెచ్చరిక కోతకు ముందు రావలెను. వచ్చి, బదులు పొంది, తిరిగి పైకి పోవలెను.

కాయ ఒక్కటే అయినను బాగుండును. ఎండు మట్ట సంగతి వేరు. పదునైదు అడుగులకు పైబడిన ఆ మట్ట తిన్నగా పడదు. గాలిలో తేలి, త్రిప్పుకొని, చెట్టు మొదటికి దూరముగా వ్రాలును. కాయకు సురక్షితమైన జాగా మట్టకు సురక్షితము కాదు. అందుచేత దింపువాడు మట్ట కొట్టుటకు ముందు “మట్టా!” అని వేరుగా చెప్పును. క్రిందియామె మరి పదియడుగులు వెనుకకు జరిగి, అప్పుడు బదులు పలుకును.

ఇక మాటల యెన్నిక చూడుడు. మూడవ చెట్టు కడ మేము ఆమెను ఒక ప్రశ్న అడిగితిమి. కోయుమనుటకు “కొట్టు” అనుచున్నావు గదా, “వదులు” అనినను చెల్లును గదా యని. ఆమె తల అడ్డముగా ఆడించి, “వదులు అంటే వద్దులాగ వినపడతాదండి. వద్దు అంటే వదులులాగ వినపడతాది. ఆ రెండు మాటలూ చెట్టు కింద అనం” అనెను.

మేము కొంతసేపు నోరు మెదపలేకపోతిమి. “వదులు”, “వద్దు” అను రెండు మాటలను పుట్టినదాదిగా వాడుచున్నాము. అవి రెండును ఒక్క అక్షరముతో మొదలై, నడుమ దకారముతో నడచి, ఉకారముతోనే ముగియునని మన కెన్నడైన తోచినదా? అరువది అడుగుల యెత్తున, ఆకుల గలగలలో, సముద్రపు గాలిలో హల్లులు చెదరిపోయి అచ్చులే మిగులును. అట్టిచోట ఒక మాట ప్రాణము నిలుపునది, రెండవది తీయునది యైనచో, అవి రెండును ఒకతీరుగా వినబడరాదు. అందువలన ఆపుటకు “ఆగు”, కోయుటకు “కొట్టు”. ఒకటి నోరు తెరచి పలుకు దీర్ఘము, రెండవది పెదవులు గుండ్రముగా జేసి పలుకునది. ఇంగ్లీషువారికిని ఈ చిక్కు కలదు. వారు ఆగుమనుటకు “వో” అనియు, పొమ్మనుటకు “గో” అనియు అందురు. దూరమునుండి రెంటికిని భేదము తెలియదు.

ఇంకొక సంగతి గమనించితిమి. ఆమె భర్తను పేరు పెట్టి పిలువదు గదా. “అయ్యో!” అని దీర్ఘము తీయును. పట్టణపు చదువరులు దీనిని మూఢాచార మందురేమో గాని, చెట్టుక్రింద మాత్రము ఇది మిక్కిలి అనుకూలముగా నున్నది. ఏ పేరుకంటెను ఆ ఓకారమే యెక్కువ దూరము పోవును. ప్రక్కతోటలోని దింపువారి కేకలు వినుచున్నప్పుడు కూడ మాకు ఆ ఓకారమే ముందు చెవిని బడినది.

ఇంతవరకు అంతయు సక్రమముగా నడచినది. ఏడవ చెట్టో ఎనిమిదవ చెట్టో కాబోలు, పొద్దు బాగుగా ఎక్కినది. పైనుండి ఎప్పటివలె “కిందెవరూ?” అని వినబడినది. ఆమె పలుకలేదు. మరల “కిందెవరే?” అని వినబడినది. ఆమె అప్పుడును పలుకలేదు. మేము అరుగుమీదినుండి చూచుచున్నాము. ఆమె పాకవైపు చూచుచున్నది. పాకలో కట్టిన పెయ్య పలుపు త్రెంపుకొని తోటలోనికి ఉరికినది. దాని వెనుక మా పినతల్లిగారి మనుమడు, అయిదేండ్లవాడు, చేత పలుపుముక్క పట్టుకొని పరుగెత్తుచున్నాడు. పెయ్య పోయి పోయి ఆ చెట్టు పాదులోనే నిలిచి పడియున్న కాయను మూచూచుచున్నది. పిల్లవాడు దాని మెడ కౌగలించుకొనెను.

మా పినతల్లిగారు అరుగుమీదనే నిలువున కొయ్యబారిరి. మా వదినగారు కేక వేయబోగా ఆమె చేయెత్తి వారించి, తాను మాత్రము “ఆగూ!” అని ఒక్క మాట అరచెను. పైనుండి “ఆగా” అని బదులు వచ్చినది. అప్పుడామె తొందరపడక నడచిపోయి, ఒక చేత పిల్లవానిని, ఒక చేత పెయ్యను పట్టి యీడ్చికొనివచ్చి అరుగుకడ విడిచి, తిరిగి తన చోట నిలిచి, కుడియెడమలు చూచి, “లేరు, కొట్టయ్యో!” అనెను. గెల పడినది.

తరువాత మేమామెను, మొదటి రెండుమార్లు ఏల పలుకలేదని అడిగితిమి. పెయ్య ఎటు పోవునో తెలియలేదట. “ఆగు” అనినచో పిల్లవాడు బెదరి నిలిచిపోవునేమో, నిలిచినచోటు మంచిదో కాదో చూడవలెను గదా యనెను. “పలక్కపోతే ఆయన కొయ్యడండి” అని మిక్కిలి తేలికగా చెప్పెను.

ఈ చిన్నమాటలోనే ఆ పని యంతయు నున్నదని మాకు తోచినది. సాధారణముగా లోకములో మౌనము అంగీకారమని యందురు. పెండ్లిచూపులలో పిల్ల పలుకకున్న ఒప్పుకొన్నదనియే పెద్దలు తేల్చివేయుదురు. చెట్టుమీద ఆ ధర్మము చెల్లదు. అచట మౌనమునకు ఒక్కటే అర్థము, కాదని. క్రిందివారికి వినబడలేదేమో, వారక్కడ లేరేమో, మాట గాలికి పోయినదేమో, దేనిచేతనైన సరియే, బదులు లేనిచో కత్తి లేవదు. ఆ పిల్లవాడు ఆనాడు బ్రదికినది ఆమె కేకవలన కాదు. ఆమె పలుకనందువలనను, ఆ పలుకమిని అతడు మన్నించినందువలనను.

మధ్యాహ్నము ఇంటివారికి బొండములు కావలసివచ్చినవి. ముదురుకాయవలె బొండమును జారవిడిచినచో పగిలి నీరంతయు నేలపాలగును. అందుచేత గెలకు త్రాడు కట్టి, త్రాటిని ఒక మట్ట మొదలుమీదుగా వేసి మెల్లగా దింపవలెను. ఈ పనిలో నోటిమాట కంటె త్రాటిమాట యెక్కువ. గెల నేల నంటగానే పైవాని చేతికి బరువు తేలిక యగును, కాని అది నేల నంటినదో, నడుమ మట్టలో చిక్కుకొన్నదో అతనికి తెలియదు. ఆమె ముడి విప్పి త్రాటిని రెండుమార్లు గుంజెను. అది “విప్పితిని, లాగికొనుము” అనుట. ఒక్కమారు గుంజి పట్టుకొన్నచో “ఆగుము” అనుట. ఇది వారిరువురును ఏర్పరచుకొన్న సంజ్ఞ. వేరొక జంటకు వేరుగా నుండవచ్చును. కాబట్టియే క్రొత్తవానితో పనికి పోవునాడు ఎక్కకమునుపే సంజ్ఞలు చెప్పుకొందురట.

త్రాటి ప్రస్తావన వచ్చినది గనుక నల్లమల చెంచుల యాచార మొకటి ఇచట చెప్పకుండ నుండజాలము. అచటి చెంచులు కొండచరియలకు పట్టిన పెద్దతేనెపట్టులకై త్రాటిమీద క్రిందికి దిగుదురు. అచట పైన త్రాడు కాచువాడు మనుష్యుని ప్రాణము కాచువాడు. ఆ పనికి దిగువాని భార్యయొక్క తోబుట్టువునే, అనగా బావమరిదినే, నిలుపుదురని చెప్పుదురు. తన సోదరి పసుపుకుంకుమలు ఆ త్రాటిని వ్రేలాడుచుండగా అతడు ఏమరునా? కోనసీమలో ఆ చోట ఇల్లాలే స్వయముగా నిలిచినది. ఏ బావమరిదికిని అంతకంటె జాగ్రత్త యుండదు.

ఇంతదాక పైవాని క్షేమమును, క్రిందివారి క్షేమమును చెప్పితిమి. కాని ఈ సంభాషణలో చెట్టుయొక్క క్షేమము కూడ కలదు. అరువది అడుగుల యెత్తుననున్న చెట్టుతలను ఇంటి యజమాని జన్మలో ఒక్కసారియు దగ్గరగా చూడడు. చూచువాడు దింపువాడొక్కడే. ఆనాడు ఒక చెట్టుమీదినుండి అతడు “మొవ్వులో పురుగు తొలిచిందండీ” అని కేకవేసెను. కొమ్ముపురుగు మొవ్వులోనికి దూరి తినివేసినచో, విచ్చుకొను ఆకులు కత్తెరతో కత్తిరించినట్లు వచ్చును. అది క్రిందనుండియు కొంత కనబడును గాని, అప్పటికి నెలలు గడచిపోవును. ఎలుక కొరికిన పిందెలు, నల్లి పట్టి బీటలువారిన కాయలు, కుళ్లు వాసన వేయు మొవ్వు, ఇవి యన్నియు వాని నోటినుండియే యజమానికి తెలియవలెను. మా పినతల్లిగారు ఒక చిన్న పుస్తకమున చెట్టుకొక అంకె వేసికొని, అతడు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుచున్నారు. కాయల లెక్క వ్రాయు గృహిణులు పెక్కుమంది కలరు. చెట్టు వార్త వ్రాయువారిని మేము వారినే చూచితిమి.

అట్లే క్రిందనుండి పైకి పోవలసిన వార్తలును గలవు. ఒక చెట్టు ప్రక్కగా కరెంటు తీగ పోవుచున్నది. మట్టల గుబురులో నున్న వానికి అది కనబడదు. క్రిందనుండి ఆమెకు కనబడును. “తీగ నీ ఎడం చేతికేసి, ఎడం చేతికేసి” అని ఆమె రెండుమార్లు చెప్పి, అతడు “ఎడం చేతికేసే” అని తిరిగి పలికినదాక ఊరుకొనలేదు. “ఎడమ” అనగా ఎవరి యెడమ యను ప్రశ్న వచ్చును గదా. ఎప్పుడును పైవాని యెడమయే. చెప్పువారిది కాదు, వినువానిది. ఆ చెట్టున తీగవైపు మట్టను అతడు ముట్టలేదు. విద్యుచ్ఛాఖవారు సరఫరా నిలిపిన నాడు గాని దానిని కొట్టనని చెప్పి దిగివచ్చెను. మేము సంతోషించితిమి. పచ్చిమట్టలో నీరుండును, ఇనుపకత్తి చేతిలో నుండును, తీగ కేక వేసి హెచ్చరింపదు.

ఆ సాయంకాలము మా పినతల్లిగారి కోడలు చెప్పిన సంగతి వినుడు. ఆమె అమెరికాలో పది సంవత్సరములు కాపురముండి సెలవులకు వచ్చియున్నది. అచట వారి పొరుగింటి ఓకు చెట్టును కొట్టుటకు మనుష్యులు వచ్చినప్పుడు కిటికీలోనుండి చూచినదట. పైన ఒకడు యంత్రపు రంపముతో కోయుచుండెను, క్రింద ముగ్గురు. కొమ్మలను నమలు యంత్రము ఇంకొకటి హోరెత్తుచుండెను. అందరి చెవులకును చప్పుడు వినబడకుండ మూతలు. అట్టిచోట గొంతుక యేమి పనిచేయును? అందుచేత వారు చేతిసంజ్ఞలు చేసికొందురు, ఈలలు వేయుదురు. ఈ మధ్య శిరస్త్రాణములోనే చిన్న రేడియో అమర్చికొని చెవిలో చెప్పుకొన్నట్లు మాటాడుకొనుచున్నారట. కాని మాటల వరుస మాత్రము మన దింపువానిదే. పైవాడు “తొలగుడు” అను నర్థమిచ్చు మాట యనును. క్రిందివాడు చూచి “అంతయు ఖాళీ” అను నర్థమిచ్చు మాట యనును. అప్పుడు గాని రంపము కదలదు. ఈ అడుగుట, బదులు పలుకుట అచటి చెట్టుపనివారి క్షేమనియమావళిలో వ్రాయబడియున్నది.

ఆ నియమావళి పుట్టుక మన సోదరీమణులకు తప్పక చెప్పవలసినది. న్యూయార్కు రాష్ట్రములోని ఒక చిన్న యూరిలో ఒక తల్లి యుండెను. ఆమె కుమారుడు చెట్టుకొమ్మలు కత్తిరించు పనిలో మరణించెను. ఆ తల్లి యేడ్చి యూరకుండక, ఈ పనికి నియమములు ఏర్పరుపవలసినదని అధికారులను, సంస్థలను అడిగెను. ఆమె ప్రయత్నమువలన 1968లో ఆ దేశపు ప్రమాణముల సంస్థ సభ కూర్చెను. 1972లో మొదటి నియమావళి వెలువడినది. అటుపిమ్మట ఎన్నోమారులు సవరింపబడి నేటికిని నడచుచున్నది. ఆ దేశమున చెట్టెక్కు ప్రతివాడును చదువవలసిన పుస్తకము ఒక గృహిణి కన్నీటివలన పుట్టినదని ఆ పుస్తకము తెరచువారిలో నెందరికి తెలియునో!

మన దేశమున ఈ పని యింకను నోటిమాటమీదనే సాగుచున్నది. కేరళమున కొబ్బరి అభివృద్ధి సంస్థవారు 2011నుండి యువకులకును, స్త్రీలకును యంత్రముతో చెట్టెక్కుట నేర్పుచున్నారు. రెండు ఇనుప చట్రములను చెట్టుకు తగిలించి, మెట్లెక్కినట్లు ఎక్కు సాధనమది. చీరకట్టు మాని పంట్లాము తొడిగి అచటి స్త్రీలు చెట్టెక్కి సంపాదించుకొనుచున్నారు. ఇది మెచ్చదగినదే. అయినను ఎక్కుట నేర్చినంత మాత్రమున సరిపోదు. క్రింద నిలుచుట కూడ నేర్పవలసిన విద్యయేనని మా తలంపు.

ఏలయనగా పట్టణములలో పెరటికి ఒకటో రెండో కొబ్బరిచెట్లుండు ఇండ్లు అనేకము. దింపువాడు ఒంటరిగా సైకిలుమీదనో మోటారుసైకిలుమీదనో వచ్చును. అతడు చెట్టెక్కిన క్షణమున ఆ యింటి యిల్లాలే క్రిందిమనిషి. ఆమె కా సంగతి తెలియదు. పొయ్యిమీద పాలు పెట్టి వచ్చి, వాకిట నిలిచి, ఫోనులో మాటాడుచు, పైనుండి కేక వినబడగానే చూడకయే “ఆ, ఆ” అనును. ప్రక్కయింటి పిల్లలు గోడ దూకి వచ్చిరేమో, పనిమనిషి అంట్లు తోముటకు చెట్టుక్రిందనే కూర్చున్నదేమో, ఉయ్యాలలో పాప యున్నదేమో చూడదు. పైవానికి ఆ “ఆ, ఆ” యే ఆధారము. అది చాలక గోడకు ఆవల సందు కూడ నుండును. సందులో పోవువారికి లోపల దింపు జరుగుచున్నదని తెలియదు. అట్టిచోట ఇంటిలోనివా రొకరు సందులో నిలువక తప్పదు. పాలు పొంగినను పొంగనిండు.

కూలి సంగతి ఒక్కమాట. పైవానికి చెట్టుకింత యని యిచ్చుచున్నారు, అది న్యాయమే. అతని భార్యకు కాయలు ఏరిన కూలి మాత్రమే. ఆమె ఏరినది కాయలు మాత్రమేనా? పొద్దుటినుండి నూరుమార్లు చూచి నూరుమార్లు బదులు చెప్పిన పనికి ఏ పద్దునను లెక్క లేదు. ఈ మాట మేము మా పినతల్లిగారితో అనగా, వారు కొంతసేపు ఆలోచించి, సాయంకాలము లెక్క చూచునప్పుడు ఆమె వంతుకు వేరుగా కొంత సొమ్మును, ఒక జత బొండములును చేర్చిరి. ఆమె ఇది యెందులకని అడిగెను. మా పినతల్లిగారు పెయ్యవైపు చూపిరి.

పోవునప్పుడు మా వదినగారు, “కేరళమున ఆడువారును ఎక్కుచున్నారట, నీవు నేర్చుకొనవా?” అని యామె నడిగిరి. ఆమె కత్తిని గుడ్డలో చుట్టుచు నవ్వి, “నేనెక్కితే కింద పలికేదెవరండీ? ఆయనకి చూపు ఆనదు” అనెను. అతడు కాలువగట్టుమీద బండి నిలిపి పిలుచుచుండెను. వారికి ఇంకను అవతలి తోటలో పదునొకండు చెట్లున్నవి, పొద్దు వాలకమునుపే ముగింపవలెను.